ఒండ్రు కప్పిన ఓస్తియా

ఓడరేవు పట్టణం చూద్దామని వెళ్ళినవాళ్ళకు ఓస్తియాలో సముద్రం కనిపించదు. రోమ్‌లో పిరమిడే మెట్రో స్టేషను పక్కనుంచి బయల్దేరే లోకల్ రైలు అరగంటలో ఓస్తియా ఆంతికాలో దింపుతుంది. టిక్కెట్టు తీసుకుని లోపలికి అడుగుపెడితే గొడుగులు విప్పినట్టుండే పైన్ చెట్లు, నల్లరాయి పరిచిన రోడ్డు, ఇరుపక్కలా ఎర్రటి ఇటుక గోడలు. ఆ రోడ్డు వెంబడి కిలోమీటరుకు పైగా నడిస్తే ఊరి పడమటి కొసన సముద్ర ద్వారం వస్తుంది. రెండువేల ఏళ్ళ కిందట ఆ ద్వారం దాటితే ఇసుకతీరమే. ఇప్పుడు అక్కణ్ణించి సముద్రానికి మూడు నాలుగు కిలోమీటర్లు పోవాలి.

పాంపేయీ సంగతి అందరికీ తెలుసు. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలి, రెండు రోజుల్లో ఊరంతా బూడిద కింద సమాధి అయింది. ఓస్తియా చరిత్రలో అలాంటి రోజు లేదు. ఏ కొండా పేలలేదు, ఏ భూకంపమూ ఒక్క దెబ్బతో కూల్చలేదు. నది మోసుకొచ్చిన ఒండ్రు, దోమలు, పోషణ కరువైన రేవు, రాళ్ళ కోసం వచ్చిన మనుషులు, ఇవన్నీ కలిసి కొన్ని వందల ఏళ్ళ పాటు ఆ ఊరిని కొంచెం కొంచెంగా ఖాళీ చేశాయి. అందుకే పాంపేయీలో దొరికినట్టు సగం తిన్న రొట్టె ఇక్కడ దొరకదు. కానీ లక్షల మంది జనానికి రోజూ తిండి ఎలా చేరిందో, ఆ పని చేసినవాళ్ళు ఎలా బతికారో తెలుసుకోవాలంటే ఓస్తియాను మించిన చోటు లేదని నా నమ్మకం.

టైబర్ మరీ పెద్ద నదేమీ కాదు, పొడవు నాలుగువందల కిలోమీటర్ల పైచిలుకు. కానీ అపెనైన్ కొండల నుంచి అది తెచ్చే నీళ్ళలో మట్టి ఎక్కువ. సముద్రంలో కలిసేచోట ప్రవాహం జోరు తగ్గగానే ఇసుక, ఒండ్రు అడుగుకు దిగిపోతాయి. అలలు ఆ ఇసుకను తీరం పొడవునా సర్ది దిబ్బలుగా పేరుస్తాయి. ఒక దిబ్బ ముందు ఇంకో దిబ్బ లేస్తుంది, వాటి వెనక పల్లంలో ఉప్పునీటి మడుగులు మిగులుతాయి. నేల ముందుకు జరుగుతుంది, సముద్రం వెనక్కి పోతుంది. కృష్ణా డెల్టావాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ప్రాచీన భూగోళకారుడు టాలెమీ రాసిన కంటకసిల రేవు మన ఘంటసాలేనని చరిత్రకారులు గుర్తించారు. ఇవాళ ఘంటసాల నుంచి సముద్రం చూడాలంటే బస్సెక్కాలి.

రోమన్ల నమ్మకం ప్రకారం ఓస్తియాను క్రీ.పూ. 7వ శతాబ్దంలో ఆంకస్ మార్షియస్ రాజు స్థాపించాడు. తవ్వకాల్లో బయటపడిన అతి పాత గోడలు మాత్రం క్రీ.పూ. 4వ శతాబ్దం చివర్లోనో 3వ శతాబ్దం మొదట్లోనో కట్టిన చిన్న కోటవి. ఆ కోట పక్కనే, నది మొగలో, ఓడలు ఆగే రేవు ఒకటి ఉండేదని పండితులు చాలాకాలంగా అనుకుంటూ వచ్చారు. అది నిజమో కాదో తేల్చడానికి ఫ్రెంచి, ఇటాలియన్ శాస్త్రవేత్తలు కలిసి శిథిలాల వాయవ్య మూల బోర్లు వేశారు. గొట్టం దింపి మట్టిని పొర చెదరకుండా పైకి లాగడమే ఆ పని. అలా వచ్చిన మట్టిని కింది నుంచి పైకి చదువుతారు. మెత్తటి నల్లటి బురద ఉంటే నీళ్ళు నిలకడగా ఉన్నాయని అర్థం. ముతక ఇసుక వచ్చిందంటే ప్రవాహం ఉరవడిగా వచ్చిపడిందన్నమాట. బురదలో చిక్కిన సూక్ష్మజీవుల పెంకులను బట్టి అవి ఉప్పునీళ్ళా మంచినీళ్ళా అన్నది తేలుతుంది. కుళ్ళకుండా మిగిలిన పుల్లలను రేడియోకార్బన్ పరీక్షకు పంపితే కాలం తెలుస్తుంది. ఇన్నీ కలిపి చూస్తే, ఓస్తియా తొలిరోజుల్లో ఆ రేవు లోతు ఆరు మీటర్లకు పైనే. ఆ తర్వాత నది తెచ్చిన పసుపు ఒండ్రు దబదబా వచ్చి పడింది. క్రీస్తుశకం మొదలయ్యేసరికల్లా రేవు దాదాపు పూడిపోయింది.

అదే కాలంలో బతికిన భూగోళకారుడు స్ట్రాబో కూడా ఓస్తియాకు రేవు లేదనే రాశాడు. టైబర్ మేట వేయడంతో పెద్ద ఓడలు ఆరుబయట సముద్రంలోనే లంగరేసి, చిన్న పడవల్లోకి సరుకు దింపాల్సి వచ్చేదట. చెలరేగే సముద్రంలో ఓడ నుంచి పడవకు ధాన్యం మార్చడమంటే ప్రాణాలతో చెలగాటమే.

రోమ్‌కు మాత్రం ఆ ధాన్యం లేకపోతే గడవదు. ఆగస్టస్ చక్రవర్తి కాలానికి అక్కడ రెండు లక్షల మంది పౌరులకు ప్రభుత్వం ఉచితంగా గోధుమలు పంచేది. మన రేషను కార్డులాగే పేర్ల జాబితా, నెలకు మనిషికి అయిదు మోడియుస్‌ల లెక్క. ఇప్పటి తూకంలో సుమారు 33 కిలోలు. ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికా, సిసిలీల నుంచి ఓడలు రావడం ఆలస్యమైతే వీధుల్లో అల్లర్లు. క్లాడియస్ చక్రవర్తి మీద ఆకలి మీదున్న జనం ఎండిన రొట్టెముక్కలు విసిరారని కూడా చరిత్రలో రాసి ఉంది. ఆయన క్రీ.శ. 42లో ఓస్తియాకు ఉత్తరాన మూడు కిలోమీటర్ల దూరంలో పోర్టుస్ అనే కొత్త ఓడరేవు మొదలుపెట్టాడు. ఖర్చు తలకు మించుతుందని ఇంజనీర్లు హెచ్చరించినా వినలేదు. సముద్రంలోకి రెండు చేతుల్లా గోడలు కట్టారు. అంతకుముందు ఈజిప్టు నుంచి రాతిస్తంభం మోసుకొచ్చిన మహా నౌక ఒకటుంటే, దాన్ని కాంక్రీటుతో నింపి ముంచేసి, దానిమీద దీపస్తంభం లేపారు. ఆ ఓడ తెచ్చిన రాతిస్తంభం ఇవాళ వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి ముందు నిలబడి ఉంది. రేవుతో పాటు నది నుంచి సముద్రానికి కాలవలు కూడా తవ్వించి, వాటితో రోమ్‌కు వరద ముప్పు తప్పించానని క్రీ.శ. 46 నాటి శాసనంలో క్లాడియస్ చెప్పుకున్నాడు.

అయినా సముద్రం లొంగలేదు. క్రీ.శ. 62లో వచ్చిన తుపానులో ఆ కొత్త రేవు లోపలే రెండువందల ఓడలు ధ్వంసమయ్యాయని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ తర్వాత ట్రాజన్ చక్రవర్తి ఇంకా లోపలికి, నేలను తొలిచి, ఆరు భుజాల కొలను తవ్వించాడు. ఒక్కో భుజం పొడవు 358 మీటర్లు. ఫియుమిచినో విమానాశ్రయం పక్కనే ఆ షడ్భుజి ఇప్పటికీ నీళ్ళతో నిండి ఉంది. విమానం దిగుతున్నప్పుడు కిటికీలోంచి చూస్తే కాగితం మీద గీసినట్టు కనిపిస్తుంది.

రేవు పక్కకు పోయినా ఊరు చిక్కిపోలేదు. పోర్టుస్ ఓడలను చూసుకుంటే ఓస్తియా లెక్కలు, గాదెలు, బేరాలు చూసుకుంది. క్రీ.శ. 2వ శతాబ్దం ఓస్తియాకు మహర్దశ. ఇవాళ మనం చూసే ఇటుక మేడల్లో ఎక్కువభాగం అప్పటివే.

నాటకశాల వెనక ఉన్న విశాలమైన ఆవరణలో ఎక్కువసేపు గడపమంటాను. ఆవరణ చుట్టూ అరవై దాకా చిన్న చిన్న గదులు. ఒక్కోదాని ముందు నేలమీద తెలుపు నలుపు రాళ్ళు పొదిగిన బొమ్మ. తెరచాప ఎత్తిన ఓడలు, దీపస్తంభం, డాల్ఫిన్లు, ధాన్యం కొలిచే కుంచం. సబ్రాతా వ్యాపారుల గది ముందు ఏనుగు. ఆ ఊరు ఇప్పటి లిబియాలో ఉంది. కార్తేజ్, నార్బోన్, కాలియరీ, అలెగ్జాండ్రియా పేర్లు కూడా రాళ్ళలో చదువుకోవచ్చు. ఊరిలో ఇంకోచోట, ధాన్యం కొలిచేవాళ్ళ సంఘం హాలులో కొలత జరుగుతున్న దృశ్యమే నేలమీద ఉంది. మధ్యలో కుంచం, దాని పక్కన అంచుకు సమంగా గింజలు చదునుచేసే కర్ర పట్టుకున్న మనిషి, లెక్క తప్పకుండా బిళ్ళలు గుచ్చిన తాడు పట్టుకున్న పిల్లవాడు. సామ్రాజ్యం సైన్యం మీద ఎంత నిలబడిందో, ఆ కర్ర మీదా ఆ తాడు మీదా కూడా అంతే నిలబడింది.

కొలిచిన గోధుమలను గాదెల్లో పోసేవారు. కొన్ని గాదెలలో నేల కింద పొట్టి గోడల వరసలు కనిపిస్తాయి. అసలు నేల ఆ గోడల మీద లేచి ఉండేది. గింజ కోత అయ్యాక కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆ క్రమంలో వేడి, తేమ వదులుతుంది. గాలి ఆడకపోతే కుప్ప లోపల వేడెక్కి, బూజు పట్టి, ముక్కపురుగు చేరుతుంది. నేల కింద గాలి తిరిగితే కుప్ప చల్లగా ఉంటుంది. సిద్ధాంతం తెలియకపోయినా వాళ్ళకు పని తెలుసు. నూనె, ద్రాక్షసారాయిలకు వేరే కొట్లు ఉన్నాయి. అక్కడ నేలలో మెడదాకా పాతిపెట్టిన పెద్ద మట్టిబానలు. ఒక్కోటి సుమారు వెయ్యి లీటర్లు పడుతుంది. వాటి అంచుల మీద ఎంత పడుతుందో రోమన్ అంకెల్లో చెక్కి ఉంది. వంగి వేలితో తడిమితే ఆ గీతలు ఇంకా తగులుతాయి.

పిండిమరల కొట్లలో గాడిదలు తిప్పిన తిరగళ్ళు నిలబడే ఉన్నాయి. నడుము సన్నగా ఉండే రాళ్ళు, మనిషి ఛాతీ ఎత్తున. అగ్నిపర్వత లావా గడ్డకట్టిన రాయి అది. ఆ రాయి నిండా బుడగల గుంటలు. రాయి అరిగేకొద్దీ కొత్త గుంటలు తెరుచుకుని, వాటి అంచులు పదునుగా బయటపడతాయి. మాటిమాటికీ గంట్లు కొట్టే పని తగ్గుతుంది. అందుకే ఆ రాయిని దూరం నుంచి తెప్పించుకున్నారు.

ఇక ఇళ్ళు. సినిమాల్లో చూపించే పాలరాతి భవనాలు ఇక్కడ తక్కువ. ఎక్కువమంది అద్దెవాటాల్లో బతికారు. కింద కొట్లు, కొట్ల మధ్యలో వీధి నుంచి నేరుగా పైకి మెట్లు, పైన మూడు నాలుగు అంతస్తులు. రోమ్‌లో మేడల ఎత్తు 70 రోమన్ అడుగులు, అంటే ఇరవై మీటర్లు దాటకూడదని ఆగస్టస్ హద్దు పెట్టాడు. ట్రాజన్ దాన్ని 60కి తగ్గించాడు. పై అంతస్తులకు నీళ్ళ గొట్టాలు లేవు, కుండలు మోసుకు ఎక్కాల్సిందే. కొట్ల గడపల్లో పొడుగాటి గాడి కనిపిస్తుంది. రాత్రి మూసేటప్పుడు చెక్కపలకలను ఒకదాని పక్కన ఒకటిగా ఆ గాడిలో దించి, చివర ఒక తలుపు మాత్రం వదిలేవారు. దియానా వీధిలో ఒక ఫలహారశాల చెక్కుచెదరకుండా ఉంది. వీధి వైపు పాలరాతి అరుగు, లోపల సామాన్లు పెట్టుకునే మెట్లవంటి అరలు, వాటి పైన గోడమీద తినుబండారాల బొమ్మలు. కొంచెం దూరంలో ఇరవై మంది ఒకేసారి కూర్చునే పాలరాతి మరుగుదొడ్డి. కూర్చునే రాళ్ళ కింద నీళ్ళు పారే కాలవ కూడా అలాగే ఉంది. సందర్శకులందరూ ఫోటో తీసుకునేది దానినే. ఇరుకు వీధులు, నూనె దీపాలు, కొయ్య దూలాలు, వాటి పక్కనే ధాన్యం కొట్లు. నిప్పు రాజుకుంటే రోమ్ పస్తులుండాలి. అందుకే క్లాడియస్ ఓస్తియాలో అగ్నిమాపక దళాన్ని ఉంచాడు. తర్వాత హడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టిన వాళ్ళ బ్యారకుల్లో ఇప్పుడు మనం తిరగొచ్చు.

గోడ విరిగినచోట ఆగి లోపలికి చూడండి. పైకి ఇటుక గోడలా ఉన్నా ఇటుక చర్మం మాత్రమే. లోపలంతా కాంక్రీటు. సున్నం, అగ్నిపర్వత బూడిద, రాతిముక్కలు, పగిలిన పెంకులు. పలచటి చదరపు ఇటుకలను త్రికోణాలుగా కోసి, మొన లోపలికి ఉండేలా పేర్చి, మధ్యలో కాంక్రీటు కూరారు. మొనలు కాంక్రీటులో గుచ్చుకుని పట్టు విడవవు. బూడిదలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి కొత్త ఖనిజాలుగా గట్టిపడతాయి. రోమ్‌కు దక్షిణాన ప్రివెర్నుమ్ అనే పాత ఊరి గోడ ముక్కలను పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి బయటపెట్టింది. కాంక్రీటులో కనిపించే తెల్లటి సున్నపు ఉండలు పనివాళ్ళ అజాగ్రత్త కాదట. కాల్చిన సున్నాన్ని వేడివేడిగానే కలపడం వల్ల ఏర్పడినవట. గోడలో పగులు వచ్చి నీరు దిగితే, ఆ ఉండల్లోని కాల్షియం కరిగి, పగుల్లోనే మళ్ళీ గట్టిపడి పూడ్చేస్తుంది.

ఇటుకలకు ఇంకో విశేషం ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు కొన్నింటి మీద బట్టీ యజమాని ముద్ర వేసేవారు. మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి తల్లి దొమీషియా లుసిల్లా పేరు అలాంటి ముద్రల్లో ఉంది. ఆవిడకు పెద్ద పెద్ద ఇటుకబట్టీలు ఉండేవి. కొన్ని ముద్రల్లో కాన్సుల్స్ అనే ఆ ఏడాది ప్రధాన అధికారుల పేర్లు కూడా వేశారు. రోమన్లు ఏడాదిని అంకెతో కాక కాన్సుల్స్ పేర్లతోనే గుర్తుపెట్టుకునేవారు కాబట్టి, పేటీనస్, అప్రోనియానస్ అనే పేర్లు కనిపిస్తే అది క్రీ.శ. 123 నాటి ఇటుక. ఆ ఏటి ముద్రలే అన్నిటికంటే ఎక్కువగా దొరుకుతాయి. 1930లలో హెర్బర్ట్ బ్లాక్ అనే పండితుడు ఓస్తియా మేడల్లోని ముద్రలన్నీ పోల్చి, ఏ గోడ ఎప్పుడు లేచిందో వరస కట్టాడు. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. పాత గోడ పడగొట్టి తీసిన ఇటుకను యాభై ఏళ్ళ తర్వాత మళ్ళీ వాడి ఉండొచ్చు. కాబట్టి ఆ గోడ ఫలానా ఏటికి ముందుది కాదని మాత్రమే ఒక ముద్ర చెప్పగలదు. ఒకే మేడలో ఒకే కాలపు ముద్రలు పదుల్లో దొరికితే అప్పుడు నమ్మకం కుదురుతుంది.

మరి మనుషులు? ఓస్తియాకూ పోర్టుస్‌కూ మధ్య ఉన్న ఈసోలా సాక్రా శ్మశానంలో వాళ్ళున్నారు. కొట్లవాళ్ళు, పడవలవాళ్ళు, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు. సమాధుల ముందు మట్టిపలకల మీద తమ వృత్తులు చెక్కించుకున్నారు. స్క్రిబోనియా ఆటికే అనే మంత్రసాని పలక మీద కాన్పు దృశ్యమే ఉంది. కుర్చీలో కూర్చున్న గర్భిణి, వెనక నుంచి పట్టుకున్న మనిషి, ఎదురుగా చిన్న ముక్కాలిపీట మీద మంత్రసాని. ఆవిడ భర్త వైద్యుడు. ఆయన ఒకరి కాలికి చికిత్స చేస్తున్న పలక దాని జోడీ.

ఆ శ్మశానంలో దొరికిన పళ్ళతో చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. మనం తాగే నీళ్ళలోని ఆక్సిజన్‌లో బరువైన, తేలికైన రకాల పాళ్ళు ఊరిని బట్టి, సముద్రానికి ఎంత దూరమన్నదాన్ని బట్టి మారతాయి. పన్ను మీది ఎనామెల్ తయారయ్యేటప్పుడు ఆ పాళ్ళు అందులో స్థిరపడిపోతాయి. ఎనామెల్ మళ్ళీ మారదు. మొదటి దవడపన్ను పసితనంలో, జ్ఞానదంతం పది పన్నెండేళ్ళ ప్రాంతంలో తయారవుతాయి. రెండూ పోల్చితే ఆ మనిషి ఎక్కడ పుట్టాడో, ఎదిగేటప్పుడు ఎక్కడున్నాడో అంచనా కట్టొచ్చు. అరవై ఒక్క మంది పళ్ళు చూస్తే సుమారు మూడోవంతు మంది బయటినుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళలో కొందరు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే వచ్చారు. అంటే కుటుంబాలతో సహా వలస వచ్చారు. రేవు పట్టణానికి పడుచు కూలీలు ఒంటరిగా వస్తారన్న పాత ఊహకు ఇది సరిపోదు. ఊరిలో ఎన్ని రకాల దేవుళ్ళున్నారో చూసినా ఇదే తోస్తుంది. మిత్ర దేవుడి గుళ్ళే పదిహేనుకు పైగా, ఈజిప్టు దేవతలకు గుడి. 1961లో విమానాశ్రయానికి రోడ్డు వేస్తుంటే యూదుల ప్రార్థనాలయం బయటపడింది.

ఊరి క్షీణత కథలో పోర్టుస్ ఎదుగుదల ఒక కారణం. 4వ శతాబ్దంలో పోర్టుస్ విడిగా ఒక నగరమైంది, వ్యాపారమంతా అటు తిరిగింది. రోమ్ జనాభా తగ్గేకొద్దీ ధాన్యం ఓడలూ తగ్గాయి. క్రీ.శ. 387లో ఆఫ్రికా వెళ్ళే ఓడ కోసం ఎదురుచూస్తూ సెయింట్ అగస్టిన్ తల్లి మోనికా ఇక్కడే కన్నుమూసింది. 1945లో పక్క గ్రామం చర్చి ఆవరణలో ఇద్దరు కుర్రాళ్ళు బాస్కెట్‌బాల్ స్తంభం పాతుదామని గుంట తవ్వితే ఆమె సమాధి శాసనం ముక్క దొరికింది.

తర్వాత దోమలు గెలిచాయి. కాలవలు తీసేవాళ్ళు లేక, ఒండ్రు దిబ్బల వెనక మడుగులు మురిగి, డెల్టా అంతా మలేరియా నేల అయింది. 1884లో రవెన్నా నుంచి వచ్చిన కూలీలు ఓస్తియా చిత్తడి ఎండబెట్టడానికి పూనుకున్నారు. వాళ్ళలో చాలామంది జ్వరాలతో పోయారు. ఆ జ్వరం ఎలా వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి ఏడాది జొవానీ బత్తిస్తా గ్రాసీ, ఆయన సహచరులు రోమ్‌లో మనుషుల మలేరియా అనాఫిలిస్ దోమ కాటుతోనే వస్తుందని నిరూపించారు. నోబెల్ బహుమతి 1902లో రాస్‌కు దక్కింది. ఆ ఘనత ఎవరిదన్న తగవు వాళ్ళ జీవితాంతం తెగలేదు. గ్రాసీ మాత్రం పోర్టుస్ పక్కనున్న ఫియుమిచినోలో రోగుల మధ్య ఏళ్ళతరబడి పనిచేసి, కోరుకున్నట్టే అక్కడి శ్మశానంలో ఖననమయ్యాడు. బేగంపేటలో రాస్ పేరున్న భవనాన్ని చూసినవాళ్ళు ఓస్తియా వెళితే, ఆ మడుగుల నేలను కాస్త వేరే కళ్ళతో చూస్తారు.

జనం లేని ఊరు రాళ్ళ గని అయింది. ఇక్కడి పాలరాయి కొంత పీసా కెథడ్రల్‌కు చేరింది. మిగిలినదాన్ని ఇక్కడే బట్టీలు పెట్టి సున్నంగా కాల్చారు. విగ్రహాలకు అదే గతి పట్టింది. ఇటుకకు ఎవరూ ఆశపడలేదు కాబట్టి గోడలు దక్కాయి. 1557లో వచ్చిన వరదలో టైబర్ తన వంపును తెంచుకుని దూరంగా కొత్త దారి పట్టింది. పాత పాయకు అక్కడివాళ్ళు చచ్చిన నది అని పేరు పెట్టారు.

19వ శతాబ్దంలో పోపులు విగ్రహాల కోసం తవ్వించారు. పద్ధతైన తవ్వకాలు 20వ శతాబ్దం మొదట్లో దాంతే వాలియేరితో మొదలయ్యాయి. ఆ తర్వాత ముసోలినీ ప్రభుత్వం 1942లో రోమ్‌లో ప్రపంచ ప్రదర్శన జరపాలని తలపెట్టి, అప్పటికల్లా ఓస్తియాను చూపించాలని తొందరపెట్టింది. 1938 నుంచి 1942 దాకా గుయిదో కాల్జా ఆధ్వర్యంలో తవ్విన ప్రాంతం రెట్టింపయింది. యుద్ధం వచ్చి ప్రదర్శన జరగనే లేదు. కానీ హడ్రియన్ కాలపు అందమైన మేడలు త్వరగా బయటపడాలన్న ఆత్రంలో వాటిమీద ఉన్న 4, 5, 6 శతాబ్దాల పొరలను సరిగా రాసిపెట్టకుండానే ఎత్తిపారేశారు. ఇది నాకు తీరని బాధ. ఊరు ఎలా సన్నగిల్లిందో, చివరిదాకా ఎవరు మిగిలారో చెప్పాల్సిన పొరలు అవే.

ఇప్పుడు తవ్వకం నెమ్మదించింది, చూపు పెరిగింది. కెంట్, బెర్లిన్ విశ్వవిద్యాలయాల బృందం మిగిలిన చివరి పొరలను అంగుళం అంగుళంగా పరీక్షిస్తే, 5వ శతాబ్దంలో కూడా ఊరి మధ్యలో బండలు కొత్తగా పరిచిన ఆనవాళ్ళు కనబడ్డాయి. పలుగు తాకకుండా భూమి అయస్కాంత గుణంలో తేడాలు కొలిచి గోడల ఆచూకీ పట్టే పద్ధతితో, సైమన్ కీ, మార్టిన్ మిలెట్‌ల బృందం టైబర్‌కు అవతలి ఒడ్డున పెద్ద గోదాములను, ఊరి ప్రహరీగోడను గుర్తించి 2014లో ప్రకటించింది. అంతవరకూ నదే ఊరికి ఉత్తరపు సరిహద్దని పుస్తకాలు రాశాయి. నది ఊరి మధ్యలోంచి పారిందన్నమాట. ఆ గోదాముల మీద ఇంకా పలుగు పడలేదు.